గిరిజన భూమి: రెండు గణతంత్రముల శాసనములు

గోదావరి ఉత్తరపు టొడ్డున నున్న ఖానాపూరు అంగళ్లలో గాని, అచ్చటినుండి అడవి దారిని ఉట్నూరు చేరినవారి మాటలలో గాని, ఎవరైన ఒక చెలక కొందునని నోరు తెరచినంతనే వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "అది వన్ ఆఫ్ సెవెంటీలో ఉన్నదా?" 1970వ సంవత్సరపు ఒకటవ రెగ్యులేషనునకు జనులు పెట్టుకొన్న పేరది. గిరిజనుని భూమిని గిరిజనేతరుడు కొనరాదను ఈ నియమము మన రాష్ట్రమున మాత్రమే పుట్టిన వింత యని తలచువారు పెక్కురు. కాని ఈ ఆలోచనతోనే మరియొక గణతంత్రము తన సంసారమును ఆరంభించినదనియు, ఆ ఆరంభమునకును దాని పర్యవసానమునకును నడుమ అగాధమేర్పడినదనియు తెలిసికొన్నచో, మన శాసనమున ఏది బలమో, ఏది బలహీనతయో స్పష్టముగ గోచరింపగలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములు 1789లో తమ నూతన రాజ్యాంగము ననుసరించి జార్జి వాషింగ్టనును అధ్యక్షునిగా నిలుపుకొన్న మరుసటి యేడే, అనగా 1790 జూలైలో, కాంగ్రెసు ఆదిమ జాతులతోడి వర్తకమును గూర్చి ఒక చట్టము చేసెను. ఆదిమ జాతులవారు తమ నేలను ఏ వ్యక్తికి గాని, తుదకు ఏ రాష్ట్రమునకు గాని విక్రయించినను, కేంద్రప్రభుత్వపు అధికారమున బహిరంగముగ జరిగిన సంధి ద్వారా గాక యున్నచో ఆ విక్రయము చెల్లదని దాని సారాంశము. ఈ విధానమునకు పునాది వేసినది బ్రిటిషు రాజు మూడవ జార్జి. 1763 నాటి ఆయన ప్రకటనయే ప్రజలు ఆ నేలలను నేరుగ కొనుటను నిషేధించెను. రాజును త్రోసిపుచ్చిన గణతంత్రము రాజు చేసిన కట్టును మాత్రము నిలుపుకొన్నది. 1790 డిసెంబరులో సెనెకా జాతి నాయకుడు కార్న్‌ప్లాంటర్ తమ భూములు అన్యాయముగ పోయినవని మొరపెట్టుకొనగా, ఇకపై అట్టి మోసములు సాగవనియు, కొత్త చట్టము మీకు రక్షణయనియు వాషింగ్టను స్వయముగ అభయమిచ్చెను.

ఆ అభయమున ఒక రంధ్రమున్నది. చట్టము వ్యక్తుల చేతులను, రాష్ట్రముల చేతులను కట్టినదే కాని, కేంద్రము చేతులను కట్టలేదు. కొనుటకు అర్హత గలవాడు ఒక్కడే మిగులగా ఆ యొక్కడు చెప్పినదే ధర. అంతేకాక, ఆ కాలమున ప్రభుత్వ భూముల విక్రయము కేంద్రమునకు గణనీయమైన ఆదాయ మార్గము. 1823లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, జాన్సన్ – మెకింటాష్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఆదిమ జాతులకు నేలపై అనుభవపు హక్కు మాత్రమే యుండుననియు, దానిని కొనునట్టి ప్రత్యేకాధికారము రాజ్యమునకే చెందుననియు ఆ ఏకాధికారమును న్యాయశాస్త్రమునకెక్కించెను.

అంతట ఏమి జరిగెను? చెరోకీ జాతి తన లిపిని, తన పత్రికను, 1827లో తన వ్రాత రాజ్యాంగమును ఏర్పరచుకొని సంధులను నమ్ముకొని యుండగా, 1829లో ఆ నేలలో బంగారము బయటపడినది. మరుసటి యేడు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదిమ జాతులను మిసిసిపీ నదికి పశ్చిమమునకు తరలించు చట్టమును ప్రతినిధుల సభలో 102కు 97 ఓట్లతో నెగ్గించుకొనెను. జార్జియా రాష్ట్రము తన అనుమతి లేకయే చెరోకీల నడుమ నివసించిన మతబోధకుడు శామ్యూల్ వర్సెస్టరును కారాగారమున వేయగా, 1832 మార్చిలో సుప్రీం కోర్టు, జార్జియా శాసనములు చెరోకీ భూమిపై చెల్లవని విస్పష్టముగ తీర్పిచ్చెను. తీర్పు వెలువడినను వర్సెస్టరు చెరయందే యుండి, 1833 జనవరిలో గవర్నరుకు విన్నపము చేసికొన్న మీదటనే విడుదలయ్యెను. గెలిచిన వ్యాజ్యమేమో న్యాయ గ్రంథములలో నిలిచెను. చెరోకీలు మాత్రము 1838–39లో సైనికుల కాపలాలో పడమటికి నడచిరి. వెడలగొట్టబడిన సుమారు 16,000 మందిలో 4,000 మంది వరకు మరణించిరని అంచనా. వారి నేలను తీసికొన్నది చట్టవిరుద్ధుడైన దళారి కాదు. జాతిలో కొద్దిమంది మాత్రమే సంతకము చేసిన 1835 నాటి సంధిపత్రమును చేతబట్టుకొన్న కేంద్రమే.

ఇక మన ఆదిలాబాదు సంగతి. నిజాం పాలనలో రిజర్వు అడవులకు హద్దులు నాటగా, తాతల నాటినుండి దున్నుకొనుచున్న గోండులు, కోలాములు పట్టా లేనివారగుటచే తమ నేలలోనే అక్రమదారులైరి. పటేల్, పట్వారీలను మంచి చేసికొనగలిగిన బయటివారు ఆ నేలలకే పట్టాదారులైరి. గోండుల తిరుగుబాటును నడపిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరగిన పిమ్మట, ఆ తిరుగుబాటునకు కారణములరయుటకు నిజాం ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను నియమించెను. ఆయన సూచనల ఫలితముగ లక్ష ఎకరములకు పైగా భూమికి గిరిజనుల పేర పట్టాలు పుట్టినవి. ఇచ్చట కూడ రాజు నాటి కట్టు గణతంత్రమునకు వారసత్వముగ సంక్రమించినది.

అయితే 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ విషయమును చట్టసభల చిత్తమునకు విడువక, ఐదవ షెడ్యూలున స్వయముగ పొందుపరచెను. షెడ్యూల్డు ప్రాంతములలో భూమి బదిలీని నిషేధించుటకును, వడ్డీ వ్యాపారమును అదుపు చేయుటకును గవర్నరు రెగ్యులేషనులు చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్ అవతరించిన పిమ్మట 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధన, 1963లో తెలంగాణకు విస్తరించినది. ఏడేండ్లకు వచ్చిన సవరణ, అనగా మొదట చెప్పిన 1/70, రెండు గట్టి మెలికలు వేసినది. ఆ ప్రాంతమున భూమి నమ్మువాడు గిరిజనుడైనను కాకపోయినను, కొనువాడు గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో కావలయునన్నది ఒకటి. గిరిజనేతరుని స్వాధీనమున నున్న భూమి, వేరుగ రుజువగు వరకు, గిరిజనునినుండి సంక్రమించినదేనని భావింపవలయునన్నది రెండవది. అనగా రుజువు భారము చదువురాని రైతు తలనుండి దిగి షావుకారు తలకెక్కినది.

కాగితముపై ఇది దుర్భేద్యమైన కోటయే. కాని కోట తలుపు పహాణీ యను గ్రామ భూలెక్కలో నున్నది. పట్టాదారు గడిలో గోండు పేరు చెక్కుచెదరక యుండగా, అనుభవదారు గడిలో మరియొకని పేరు ఏటేట ప్రవేశించెడిది. పత్తి విత్తనమునకు తెచ్చిన అప్పు తీరక చేను కౌలు పేరిట చేతులు మారును. వ్యాజ్యము వచ్చిన నాడు, నిషేధము రాకమునుపే కొంటినని పాత తేదీ వేసిన సాదాబైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు విక్రయపత్రము) యొకటి బయటపడును. 1981 ఏప్రిల్ 20న, నేడు ఖానాపూర్ నియోజకవర్గములో నున్న ఇంద్రవెల్లిలో, భూముల గోడు చెప్పుకొనవచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పదమూడుగురు మరణించిరని ప్రభుత్వము ప్రకటించగా, ఆ సంఖ్య అంతకు పెక్కు రెట్లుండునని ఇతరులు వాదించిరి. 1/70 అమలునకు వచ్చి అప్పటికే పదునొకండేండ్లు గడచినవి.

ఇంతమాత్రమున రెండు కథలును ఒక్కటియే యనుట సరికాదు. విశాఖ మన్యమున గనుల లీజులపై సమత సంస్థ వేసిన వ్యాజ్యమున, 1997 జూలైలో సుప్రీం కోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యముతో, రెగ్యులేషనులోని "వ్యక్తి" యను మాటలో ప్రభుత్వమును చేరుననియు, కనుక షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూములను సైతము గిరిజనేతరులకు గనులకై లీజుకీయరాదనియు నిర్ణయించెను. 1790 నాటి చట్టము వదలిన రంధ్రము సరిగా ఇదియే. అచ్చట గణతంత్రము ఇతరులందరిని వారించి తానొక్కటియే కొనుగోలుదారుగ నిలిచెను. ఇచ్చట తన చేతులను సైతము తాను కట్టుకొనెను.

కావున భూరక్షణ శాసనమును పరీక్షించువాడు అది ఎవరిని కాపాడుచున్నదని అడుగుటకు ముందు, ఎవరిని కట్టివేయుచున్నదని అడుగవలయును. ప్రభుత్వమును విడిచి ప్రజలను మాత్రమే కట్టు శాసనము, బలవంతుడైన ఒక్క కొనుగోలుదారునికి పోటీ లేకుండ చేయుటయే యగును. మన శాసనము ఆ పరీక్షలో నెగ్గినది. మిగిలిన పరీక్ష తహసీలు కచ్చేరీలో, పహాణీ వ్రాయు చేతికి జరుగవలసియున్నది. ఆ పరీక్షను ఢిల్లీ న్యాయస్థానము నిత్యము వచ్చి నడుపజాలదు. పట్టా గలిగిన రైతే తన సర్వే నంబరు ఎదుట ఎవరి పేరున్నదో ఏటేట విచారించుకొనుచు నడుపవలయును.