ఎడ్లతో స్టెప్పులు... ఎల్లలు దాటిన నవ్వులు!

భద్రాచలం అడవి అంచున టీ కొట్టు. సిగ్నల్ వచ్చీరాక సతాయిస్తున్న సెల్‌ఫోన్ చుట్టూ నలుగురు కుర్రాళ్లు... ఒకటే నవ్వులు! ఏ హీరోగారి చిత్రమోనని నేనూ తొంగిచూశాను. తీరా చూస్తే ‘మై విలేజ్ షో’!

2012లో శ్రీరామ్ శ్రీకాంత్ ప్రారంభించిన ఈ యూట్యూబ్ చానల్ పుట్టిల్లు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. 2018లో, కదిలే కారులోంచి దిగి పక్కనే గంతులేసే ‘కికి ఛాలెంజ్’ పిచ్చి లోకాన్ని పట్టుకుంది. పోలీసులు వద్దు మొర్రో అన్నా వింటేగా! అనిల్ జీల, పిల్లి తిరుపతి ఏం చేశారనుకున్నారు? పొలంలో ఎడ్లను తోలుతూ బురదలో స్టెప్పులేశారు! వెక్కిరింత అంటే అదీ! అప్పట్లో అమెరికా టీవీలో వ్యంగ్య వార్తలు చెప్పే ట్రెవర్ నోవా సైతం మెచ్చుకున్నాడు.

పొలం పనులు చేసుకునే గంగవ్వ ఈ షోతోనే తారయింది. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ చిత్రాలు... 2020లో బిగ్‌బాస్ గడప!

చిన్నప్పుడు మా తెలంగాణ మాటను తెర మీద ఎక్కువగా రౌడీల నోట, నౌకర్ల నోటే విన్నాను. కాలేజీలో నోరు విప్పడానికి జంకేవాణ్ణి. ఆ టీ కొట్టు కుర్రాడికి ఆ జంకు లేదు.

“మన లెక్కనే మాట్లాడుతుండ్రు గద అన్నా!” అన్నాడు, గర్వంగా.

అప్పుడు మన మాటను చూసి నవ్వారు. ఇప్పుడు మన మాటే నవ్విస్తోంది. తేడా చిన్నదేం కాదు సుమా!