గడ్డపు తొండ పిల్ల – పోషణ, సంరక్షణ

తొండను చూడని తెలుగు బాలుడు ఉండడు. ముళ్ళకంచె మీదనో, ప్రహరీగోడ మీదనో ఎండకు వెన్ను చూపి కూర్చొని తల పైకీ క్రిందికీ ఆడించే ఆ ప్రాణిపై ఒక్కసారైనా రాయి విసరని బాలుడు మాత్రం అరుదు. నేనూ విసిరినవాడినే. ఉర్దూ మాటలాడే మా ఇండ్లలో దానిని ‘గిర్గిట్’ అంటారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు అని తెలుగులో సామెత కలదు. కాని శాస్త్రరీత్యా ఆ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. తొండ ఎంత ముదిరినా తొండయే.

మన తొండ చేరిన అగామిడే కుటుంబానికే చెందిన దూరపు బంధువు ఒకటి ఆస్ట్రేలియా ఖండపు లోతట్టు ఎండు భూములలో నివసిస్తున్నది. దాని శాస్త్రనామం పొగోనా విట్టిసెప్స్. ఆంగ్లేయులు దానిని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. భయం గాని, కోపం గాని కలిగినప్పుడు అది గొంతు క్రింది ముళ్ళ పొలుసుల చర్మాన్ని ఉబ్బించి నల్లబరచుకొంటుంది. అప్పుడది గడ్డం పెంచిన పెద్దమనిషివలె కనిపిస్తుంది. కనుక దీనిని మనం ‘గడ్డపు తొండ’ అనవచ్చును.

పదవీ విరమణ చేసిన తరువాత జనవరి నెల మొదలుకొని కొంతకాలం సిడ్నీ నగరంలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. అప్పుడు నా మనుమడు ఇటువంటి పిల్లనొకదానిని ముచ్చటపడి కొనిపించుకొన్నాడు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దీనిని పెంచుటకు ప్రభుత్వ అనుమతిపత్రం ఉండవలెను. అడవిలో పట్టి తెచ్చుట నేరం. పెంపకందారుల వద్ద పుట్టిన పిల్లలనే కొనవలెను. అమ్మాయి పేరిట అనుమతిపత్రం వచ్చిన తరువాతనే పిల్ల ఇంటికి వచ్చింది. తోకతో కలిపి జానెడు కూడ లేదు. మనుమడు దానికి ‘బాద్షా’ అని పేరు పెట్టాడు. ముప్పది ఏండ్లు జంతుశాస్త్రం బోధించిన నానా ఇంటిలో ఉండగా ఇక వేరే సలహా ఎందుకని అందరూ అనుకొన్నారు. నేనూ అలాగే అనుకొన్నాను. ఆ నమ్మకం ఎంత చేటు తెచ్చినదీ క్రింద చెప్పుదును.

మొదటి వారం

క్రొత్తగా వచ్చిన పిల్లకు మొదట కావలసినది ముద్దు కాదు, ఏకాంతం. మొదటి కొద్ది రోజులు దానిని చేతికి తీసుకొనరాదు. మేత పెట్టుట, శుభ్రపరచుట మినహా దాని జోలికి పోరాదు. క్రొత్త చోట ఒకటి రెండు రోజులు మేత తగ్గించుట వింత కాదు.

దీనికి నడినెత్తిన వెలుతురును, నీడను గుర్తించగల ఒక చిన్న ‘మూడవ కన్ను’ కలదు. ఆకారాలను చూడలేదు గాని, మీదినుంచి నీడ పడినంతనే మెలకువ చెందుతుంది. ఆరుబయట అట్టి నీడ డేగది కావచ్చును గదా! కనుక చేయి మీదినుంచి దించక, ప్రక్కనుంచి మెల్లగా చాచి, పొట్ట క్రింద ఆధారమిచ్చి ఎత్తవలెను.

ఒక పెట్టెలో ఒక్క పిల్లనే ఉంచవలెను. తోడు లేక బెంగపడునేమోనని రెండవదానిని చేర్చుట పొరపాటు. ఇవి గుంపులో బ్రతికే ప్రాణులు కావు. బలమైన పిల్ల బలహీనమైనదాని వ్రేళ్ళను, తోక కొనను కొరికివేస్తుంది. మన ఇంటి బల్లికి తోక తెగితే మరల మొలుచును. గడ్డపు తొండకు మొలవదు.

పెట్టె అడుగున ఇసుక పోయుట కొందరికి సరదా. పిల్ల మేతతోపాటు ఇసుకను మ్రింగితే ప్రేగులలో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. సాదా కాగితం పరచుట క్షేమం. అది మాసినప్పుడు మార్చవచ్చును, మలం ఎట్లున్నదో చూడనూవచ్చును. ఎక్కి కూర్చొనుటకు ఒక కొమ్మ, దాగుటకు ఒక చాటు చాలును. పెద్దదైన తరువాత మాత్రం కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె కావలసి ఉంటుంది.

వేడిమి

మన శరీరం తన వేడిని తానే పుట్టించుకొంటుంది. సరీసృపాలకు ఆ శక్తి లేదు. అవి బయటి వేడిని అరువు తెచ్చుకొని బ్రతుకుతవి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు గడ్డపు తొండ ఒళ్ళు ముదురు రంగుకు తిరిగి ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది. వేడెక్కిన కొలది రంగు లేతబారుతుంది. మరీ వేడెక్కితే నోరు తెరచుకొని కూర్చొంటుంది, లేదా నీడకు పోతుంది.

కనుక పెట్టె అంతా ఒకే వేడిగా ఉండరాదు. ఒక చివర దీపం క్రింద, పిల్ల కూర్చొనే చోట సుమారు 40 డిగ్రీల సెల్సియస్ ఉండవలెను. రెండవ చివర 25 డిగ్రీల ప్రాంతంలో ఉండవలెను. ఎప్పుడు ఎక్కడ ఉండవలెనో పిల్లయే నిర్ణయించుకొంటుంది. రెండు చివరలా ఉష్ణమాపకాలు ఉంచి చూడవలెనే గాని చేతితో తాకి అంచనా వేయరాదు. రాత్రి దీపాలన్నీ ఆర్పివేయవలెను. గది 18 డిగ్రీలకు మించి చల్లబడని పక్షంలో వేరే వేడి అక్కరలేదు. విద్యుత్తుతో కాగే ‘వేడి రాళ్ళు’ అంగళ్ళలో దొరుకును గాని, వాటిపై పడుకొన్న పిల్లకు పొట్ట కాలే ప్రమాదం ఉన్నది.

ఒంటిలో తగిన వేడి లేనిదే తిన్నది అరగదు. అందుచేత దీపం ఆర్పుటకు గంటన్నర ముందే చివరి మేత ముగియవలెను.

ఈ జాతిపై వేడిమికి గల అధికారం గుడ్డులోనే మొదలగుట విశేషం. సాధారణంగా వీటిలో ఆడ, మగ భేదాన్ని క్రోమోసోములే నిర్ణయిస్తవి. కాని గుడ్లు పొదిగే వేడి సుమారు 32 డిగ్రీలు దాటితే, క్రోమోసోముల ప్రకారం మగవి కావలసిన పిల్లలు కొన్ని ఆడవిగా పుట్టుచున్నవి. ఆరుబయట జీవించే గడ్డపు తొండలలోనూ ఇది జరుగుచున్నదని 2015లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

కాంతి

వేడి వేరు, కాంతి వేరు. నా పొరపాటు జరిగినది ఇక్కడనే.

ఎముక గట్టిపడుటకు కాల్షియం కావలెను. ప్రేగులు ఆ కాల్షియాన్ని గ్రహించుటకు ‘డి’ విటమిన్ కావలెను. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో ‘బి’ రకం చర్మంపై పడినప్పుడు అక్కడి ఒక కొలెస్ట్రాల్ సంబంధమైన పదార్థం మారి ‘డి3’ విటమిన్ తయారగును. ఈ పాఠం నేను నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాసితినో లెక్క లేదు.

పిల్లను అమ్మినవారు ఇచ్చిన జాబితాలో వేడినిచ్చే దీపంతోపాటు అతినీలలోహిత కిరణాలనిచ్చే గొట్టపు దీపం కూడ వ్రాసి ఉన్నది. దాని వెల ఎక్కువ. “ఇంత ఎండ కాచే దేశంలో దీపమెందుకు? ఇది వ్యాపారుల ఎత్తుగడ. పెట్టెను కిటికీ దగ్గర పెట్టండి” అని నేను చెప్పాను. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరంగా సాగును గనుక, ఉత్తరపు కిటికీని ఎంచి మరీ పెట్టించాను. రోజూ పిల్లపై ఎండ పడుచుండెను. మా అందరికీ తృప్తిగా ఉండెను.

ఐదు వారాలు గడిచినవి. ఒకనాడు కొమ్మ ఎక్కుచుండగా బాద్షా కాలివ్రేళ్ళు వణికినవి. ఎదుట ఉన్న పురుగును అందుకొనబోయి రెండుసార్లు తప్పినాడు. మనుమడు నావైపు తిరిగి, “నానా, బాద్షాకు చలి వేస్తున్నదా?” అని అడిగాడు. పిల్లను చేతిలోకి తీసుకొని క్రింది దవడను వ్రేలితో తాకి చూచాను. ఎముకవలె లేదు, మెత్తగా ఉన్నది. అప్పుడు కిటికీ వైపు చూచాను. దానికి గాజు ఉన్నది.

గాజు వెలుతురును లోనికి రానిచ్చును, వేడిని చాలవరకు రానిచ్చును. ఎముకకు కావలసిన ఆ ‘బి’ రకం కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపివేయును. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసినది అవసరమైన వేళ జ్ఞాపకం రాలేదు.

ఆ సాయంత్రమే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోయాము. ఎక్స్-రేలో ఎముకలు పలుచబడి కనిపించినవి. నోటిద్వారా ద్రవరూపంలో కాల్షియం ఇచ్చుచు, ఆ రాత్రే గొట్టపు దీపం అమర్చాము. వైద్యానికైన ఖర్చుతో అటువంటి దీపాలు ఎన్నో వచ్చి ఉండును. రెండు నెలలకు బాద్షా కోలుకొన్నాడు. కాని వెనుక కాలు ఒకటి కొద్దిగా వంకరగానే నిలిచిపోయినది.

కనుక ఈ నియమాలు గుర్తుంచుకొనవలెను. గొట్టపు దీపం పెట్టె పొడవులో సగానికి తక్కువ కాకుండ, తయారీదారు చెప్పిన దూరంలో ఉండవలెను. మధ్యలో గాజు గాని, ప్లాస్టిక్ రేకు గాని ఉండరాదు. పగలు 12 నుంచి 14 గంటలు వెలగవలెను. వెలుతురు బాగుగానే ఉన్నను, కంటికి కనిపించని కిరణాలు క్రమంగా తగ్గిపోవును. అందుచేత 6 నుంచి 12 నెలలకొకసారి తయారీదారు సూచనమేరకు క్రొత్తది వేయవలెను.

ఆహారం, నీరు

పెద్ద గడ్డపు తొండ ఎక్కువగా ఆకుకూరలు తింటుంది. పిల్లకు మాత్రం ముఖ్యాహారం పురుగులే. రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిసారి 10, 15 నిమిషాలలో తినగలిగినన్ని కీచురాళ్ళను, లేదా మేతకై ప్రత్యేకంగా పెంచిన చిన్న బొద్దింకలను ఇవ్వవలెను. పురుగు పరిమాణం పిల్ల రెండు కండ్ల మధ్యనున్న ఎడమును మించరాదు. మిగిలిన పురుగులను వెంటనే తీసివేయవలెను. లేకున్న రాత్రివేళ అవి పిల్లనే కొరుకును. తోటలో పట్టిన పురుగులు పనికిరావు. వాటిపై పురుగుమందు అంటి ఉండవచ్చును.

కీచురాళ్ళలో భాస్వరం హెచ్చు, కాల్షియం తక్కువ. అందువల్ల రోజుకొక మేతలో పురుగులను కాల్షియం పొడిలో దొర్లించి ఇవ్వవలెను. సన్నగా తరిగిన ఆకుకూరలు, గుమ్మడి తురుము ప్రతి ఉదయం పెట్టవలెను. మొదట ముట్టకపోయినను అలవాటు చేయుట అవసరం. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని బంధించును గనుక దానిని నిత్యం పెట్టరాదు. అవకాడో పండు విషతుల్యం.

నిలకడ నీటిని కొన్ని పిల్లలు గుర్తించవు. లోతులేని పళ్ళెంలో నీరు ఉంచుచు, ముక్కుపై ఒకటి రెండు చుక్కలు రాల్చితే నాకును. అయితే ఇది ఎండు ప్రాంతపు ప్రాణి. పెట్టెను ఎల్లప్పుడు తడిగా ఉంచరాదు.

ఆరోగ్యం, శుభ్రత

వారానికొకసారి చిన్న తూకంలో తూచి బరువు వ్రాసిపెట్టవలెను. కంటికి తెలియని క్షీణత అంకెలలో తెలియును. వ్రేళ్ళ వణకు, మెత్తని దవడ, వాచిన కాళ్ళు, లోనికి పోయిన కండ్లు, ఎడతెగని నీళ్ళ విరేచనం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినను వైద్యునికి చూపవలెను. మొదటి నెలలోనే మలపరీక్ష చేయించుట మంచిది. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల మలంలోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చును. తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగవలెను. పాత్రలను వంటగదిలో కడుగరాదు. ఐదేండ్లలోపు పిల్లల చేతికి దీనిని ఇవ్వరాదు.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! ఇది చదివి మీరిక్కడ గడ్డపు తొండను కొనవలెనని నా ఉద్దేశం కాదు. తన దేశపు సరీసృపాలను సజీవంగా వ్యాపారానికి ఎగుమతి చేయుటను ఆస్ట్రేలియా నిషేధించింది. అయినను మీలో కొందరు చదువులకై ఆ దేశానికో, అమెరికాకో పోయెదరు. అక్కడి ఇండ్లలో ఇది సామాన్యమైన పెంపుడు ప్రాణి. ఇది సుమారు పదేండ్లు బ్రతుకును. కొనుటకు ముందు ఆ పదేండ్లను లెక్కించుకొనవలెను. పెట్టెలో పెట్టిననాటినుంచి దాని సూర్యుడు, దాని నీడ, దాని ఋతువులు అన్నీ మన చేతిలోనివే. మా ఇండ్లలో ఇటువంటిదానిని ‘అమానత్’ అంటారు. ఇతరులది మన వద్ద ఉన్నది, చెడకుండ చూడవలెను అని ఆ మాటకు భావం.

తిరిగి వచ్చిన తరువాత ఒక ఉదయం మన కళాశాల ప్రహరీగోడపై తొండ ఒకటి ఎండ కాచుకొనుచుండగా చూచాను. దారిని పోవు బాలుడొకడు వంగి రాయి తీసుకొన్నాడు. నేను వాని చేయి పట్టుకొని, ఆ తొండ అక్కడ ఊరక కూర్చొనలేదనీ, ఎండతో తన ఎముకలను గట్టిపరచుకొనుచున్నదనీ చెప్పాను. వాడు నావైపు వింతగా చూచి రాయి వదలివేశాడు. తొండ తల రెండుసార్లు ఆడించి మరల ఎండకు వెన్ను చూపినది. దానికీ ఎండకూ మధ్య గాజు లేదు.