పట్టాతో పాటు మంచినీళ్లూ అడుగుదాం

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇక్కడ వేలమందిని పొట్టన పెట్టుకుంది. మిగిలినవాళ్లకు పక్కా ఇళ్లు కట్టించారు. ఇల్లున్నా ఊళ్లో ఉండలేని రోజులు తర్వాత వచ్చాయి.

1990ల్లో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చాలాచోట్ల బావినీళ్లు ఉప్పనయ్యాయి. నాట్లూ కోతలూ లేక ఆడవాళ్లకు కూలి పోయింది. బందరో గుడివాడో చేరి కాల్వగట్టున గుడిసె వేసుకుంటే ఆక్రమణదారులన్నారు. మరి మన నీళ్లను ఆక్రమించిందెవరండీ?

తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, సముద్రపు పోటు హద్దు నుంచి 500 మీటర్ల లోపు చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, తీసేయమంది. 2005 నాటి చట్టం వాటికి మళ్లీ దారిచ్చింది. అయినా తాగునీటికి 100 మీటర్ల ఎడం ఉండాలని అప్పటి నిబంధనల్లోనే రాశారు.

అందుకే బందరు కలెక్టరాఫీసుకు అర్జీ పట్టుకెళ్లే అక్కచెల్లెళ్లూ, ఇంటిస్థలం ఒక్కటే రాయకండి. చెరువు ఎంత దూరమో, మంచినీళ్లు ఎక్కడివో, ఉప్పెన జోరు తగ్గించే మడ అడవి ఎంత మిగిలిందో కూడా రాయండి. పట్టా మన పేరనే ఇస్తారు, సరే. బిందెడు నీళ్లు దొరకని చోట ఆ కాగితంతో ఏం చేసుకుంటాం?