మీకు తెలుసా? మ్యాచ్‌లో మనసులో ఉన్న వరసే రాయాలి

ఎంబీబీఎస్ అయ్యాక అమెరికాలో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రుల్లో స్పెషలిస్టు శిక్షణకు, వెళ్లాలంటే స్టెప్ పరీక్షలు, ఇంటర్వ్యూలు దాటాలని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఎక్కువ సీట్లను కేటాయించేది 1952 నుంచి నడుస్తున్న 'మ్యాచ్'. ఇంటర్వ్యూలయ్యాక అభ్యర్థి తనకు నచ్చిన ప్రోగ్రాములను, ప్రోగ్రాములు తమకు నచ్చిన అభ్యర్థులను వరసగా రాసిస్తారు. ఎవరికి ఎక్కడో కంప్యూటర్ తేలుస్తుంది.

'పెద్ద ఆసుపత్రిని మొదట రాస్తే అదీ రాదు, ఈలోగా రెండోదీ పోతుంది' అని మనవాళ్లు చాలామంది భయపడతారు. ఆ భయంతో ఇష్టమైన చోటును కిందికి నెట్టేసుకుంటారు. ఎంత అన్యాయం! నీట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నట్టే ఇదీ. కాకపోతే అక్కడ మీ ర్యాంకు అన్ని కాలేజీలకూ ఒకటే, ఇక్కడ ఒక్కో ఆసుపత్రి ఇచ్చే ర్యాంకు వేరు. కంప్యూటర్ లెక్క ముందుగా మీ మొదటి ఎంపికను అడుగుతుంది. అక్కడ కుదరకపోతే రెండోదానికి వస్తుంది. ఆ సీటు అప్పటికే వేరొకరికి వెళ్లినా, ఆసుపత్రి జాబితాలో మీరు వారికంటే పైన ఉంటే వారిని తప్పించి మీకిస్తుంది. లెక్క ముగిసేదాకా ప్రతి సీటూ తాత్కాలికమే. కాబట్టి పైన ఆశపడినందుకు కింద నష్టం ఉండదు.

మొదట్లో ఈ లెక్క ఆసుపత్రుల వైపు మొగ్గేది. వైద్య విద్యార్థులు అభ్యంతరం చెప్పారు. ఆర్థికవేత్త ఆల్విన్ రాత్ దాన్ని తిరగరాశాక, 1998 నుంచి అభ్యర్థి ఎంపికతో మొదలవుతోంది. ఈ లెక్క వెనకున్న సూత్రాన్ని 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ఒక వ్యాసంలో వివరించారు. షాప్లీ, రాత్‌లకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. వచ్చిన సీటుకు కట్టుబడి ఉండాలి కనుక వెళ్లడం ఇష్టంలేని చోటు పేరు అసలు రాయకూడదు. సీటు వచ్చిందో లేదో మార్చిలో ఓ సోమవారం చెబుతారు. ఎక్కడన్నది శుక్రవారం దాకా చెప్పరు. రానివాళ్లు ఆ నాలుగు రోజుల్లోనే మిగిలిన సీట్లకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇద్దరూ డాక్టర్లయిన జంట తమ జాబితాలను ముడివేసుకోవచ్చు. ఒకే ఊరి ఆసుపత్రులను జతలు జతలుగా రాస్తారు. జతలో ఇద్దరికీ కుదిరితేనే అది ఖాయం, లేకపోతే లెక్క తర్వాతి జతకు పోతుంది. ఒకరికి ఫలానా చోట సీటు, మరొకరికి ఏ సీటూ లేదు అన్న జతనూ చివర్లో రాయొచ్చు. ఇద్దరికీ పోయేకంటే ఒకరికైనా ఆ ఏడాది దక్కుతుంది.