గుండెకు అండగా ఆపిల్ బెరడు

మీ గుండె మీ పిడికిలంత ఉంటుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటూ రక్తాన్ని తోడుతుంది. ఈ పంపు ఆగిపోకుండానే బలహీనపడితే? రక్తం ముందుకు సరిగా సాగదు. ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పాదాల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం దీని గుర్తులు. దీన్నే హార్ట్ ఫెయిల్యూర్ అంటారు.

చక్కెరకూ గుండెకూ ఏమిటి సంబంధం?

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి 5,209 మంది ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. మధుమేహం ఉన్న పురుషులకు ఈ జబ్బు రెండింతలకు పైగా, స్త్రీలకు ఐదింతలు వస్తోందని 1974లో తేలింది. రక్తంలో అధికంగా ఉన్న చక్కెర రక్తనాళాలను దెబ్బతీస్తుంది. గుండె కండరాన్ని బిరుసెక్కిస్తుంది. స్థూలకాయం ఉంటే గుండె మరింత రక్తం తోడాలి. రక్తపోటు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది!

బెరడులో దొరికిన కిటుకు

1835లో యూరప్ రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. అది తీసుకుంటే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ గమనించాడు. మూత్రపిండాలు తాము వడగట్టిన చక్కెరను మామూలుగా తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఫ్లోరిజిన్ ఆ దారిని మూసేస్తుంది. కాని పేగుల్లోనే విచ్ఛిన్నమవుతుంది కనుక అది మందుగా పనికిరాలేదు. దాని నమూనాలో తయారైనదే ఎంపాగ్లిఫ్లోజిన్. మధుమేహంతోపాటు గుండెజబ్బు కూడా ఉన్న 7,020 మందిపై దాన్ని పరీక్షించారు. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గిందని 2015లో వెల్లడైంది. చక్కెరతోపాటు ఉప్పూ నీరూ కొంత బయటికి పోవడం ఇందుకు ఒక కారణం.

పేదవాడికి అందేదెలా?

మన దేశంలో ఈ బిళ్ల ఒక్కొక్కటి సుమారు 60 రూపాయలుండేది. రోజుకొకటి చొప్పున నెలకు 1,800 రూపాయలు! రోజుకూలీ చేసుకునేవారు కొనగలరా? 2025 మార్చిలో పేటెంటు గడువు తీరింది. మన కంపెనీలు చాలా తయారీకి దిగడంతో కొన్ని రకాల ధర 10 రూపాయల లోపుకు దిగింది. ఈ మందు అందరికీ సరిపడదు. వైద్యుడు చెబితేనే వాడాలి.

అసలు కాపుదలకు ఖర్చు తక్కువే. రోజూ అరగంట నడక, బరువు తగ్గించుకోవడం, పొగ మానడం. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఊరగాయ, అప్పడాల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే! ముప్ఫై ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర ఉచితంగా చూపించుకోవచ్చు. మీ అమ్మానాన్నలు ఎప్పుడు చూపించుకున్నారో ఈ రోజే అడగండి. ఇంతవరకూ చూపించుకోకపోతే, మీరే వెంటబెట్టుకు వెళ్లండి.