బొమ్మ రైలుయింజను: దోషనిర్ణయము

నేడు నేను ప్రసంగింపబోవు విషయము బొమ్మ రైలుయింజను. ఇది పిల్లల యాట గదా, దీనికొక ప్రసంగమా యని కొందఱు నవ్వవచ్చును. కాని అరచేతిలో నిముడు ఈ యింజనులో మోటారు, దీపములు మాత్రమే గాక, ఆజ్ఞలను గ్రహించు డీకోడరను చిన్న పలక యొకటి నేడు సామాన్యముగా నుండుచున్నది. ఇంజను నిలిచిపోయినప్పుడు దోషమెచ్చటనున్నదో కనుగొనుట తర్కశాస్త్రమునకు మంచి అభ్యాసము.

మొదట దాని తత్త్వమును తెలిసికొందము. పాత పద్ధతిలో పట్టాలకు ఏకముఖ విద్యుత్తును, సాధారణముగా 12 వోల్టుల వఱకు, పంపుదురు. వోల్టులు హెచ్చిన వేగము హెచ్చును. ధ్రువములు మార్చిన దిశ మాఱును. ఒకే పట్టాపై రెండు యింజనులున్నచో రెండును కలిసియే కదలును. ఈ చిక్కును తీర్చుటకు వచ్చినదే డి.సి.సి. పద్ధతి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషను వారు 1990 తరువాతి దశకములో దీనికి ప్రమాణములు నేర్పఱచిరి. ఇందు పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు నిండుగా నుండి, ధ్రువములు మాత్రము అతిశీఘ్రముగా తాఱుమాఱగుచుండును. ఒక్కొక్క సగము 58 మైక్రోసెకండులున్నచో ‘ఒకటి’. 100 గాని అంతకు మించి గాని యున్నచో ‘సున్న’. ఈ రెండక్షరముల భాషలోనే ఇంజను సంఖ్యయు, వేగమును, దిశయు చెప్పబడును. డీకోడరు తన సంఖ్యతో వచ్చిన యాజ్ఞను మాత్రమే పాటించును.

కావున విద్యుత్తు నడచు త్రోవ యిది: పట్టా, చక్రము, చక్రమును తాకు రేకు, డీకోడరు, మోటారు. దోషము వీనిలో నెక్కడనో యొకచోట నుండవలెను. దానిని పట్టుటకు మన తార్కికులు చెప్పిన అన్వయవ్యతిరేకములే సాధనము. ఏది యున్నచో దోషముండునో, ఏది లేనిచో దోషము లేదో, అదియే కారణము. అందుచే ఒక్కసారి ఒక్కదానినే మార్చి చూడవలెను. రెండు మార్చినచో ఏది ఫలించినదో తెలియదు.

మా మనుమని యింజను తడబడి తడబడి నిలుచుచుండగా, ఒక దుకాణము వారు డీకోడరు చెడినది, క్రొత్తది కొనవలెనని చెప్పిరి. దాని వెల స్వల్పము కాదు. అదే పట్టాపై వేఱొక యింజనును పెట్టితిని, చక్కగా నడచెను. కావున పట్టా నిర్దోషము. పిమ్మట రోగి యింజనును గమనింపగా, అది తడబడినప్పుడెల్ల దీపము కూడ మినుకుమనుచుండెను. మోటారు, దీపము రెండును ఒకేసారి ఆగుచున్నవనగా, ఆ రెంటికిని పూర్వమందే విద్యుత్తు తెగుచున్నది. ఇంజనును త్రిప్పి చూడగా చక్రములపై నల్లని మడ్డి పేరుకొని యున్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో తుడిచితిని. ఆ పాత డీకోడరుతోనే అది నేటికిని నడచుచున్నది. మడ్డిని గీకుటకు గరుకుకాగితము వాడరాదు. గీతలలో మఱింత మడ్డి చేరును.

దీపము మీట ననుసరించి వెలుగుచు, ఇంజను మాత్రము కదలనిచో, డీకోడరునకు విద్యుత్తును ఆజ్ఞలును చేరుచున్నవని యర్థము. అప్పుడు మోటారునకు పోవు నారింజ, బూడిద రంగు తీగలను, మోటారు కార్బను బ్రష్షులను, పండ్లచక్రములను చూడవలెను. ఏదియు పలుకనిచో సంఖ్య మాఱినదేమో విచారింపవలెను. క్రొత్త డీకోడరు సంఖ్య 3. డీకోడరు స్మృతిలో సి.వి. అను గడులుండును, వానిలో ఎనిమిదవ గడిలో 8 వ్రాసిన, చాల డీకోడరులు తొలిస్థితికి వచ్చును.

అప్పటికిని ఫలము లేనిచో, డీకోడరును తీసి, దాని స్థానమున ఇంజనుతో వచ్చు ఉత్తప్లగ్గును పెట్టి, పాత పద్ధతి విద్యుత్తుపై నడుపవలెను. నడచినచో మోటారు మంచిదే; దోషము డీకోడరుదో దాని తీగలదో. ఉత్తప్లగ్గుతో మాత్రము డి.సి.సి. పట్టాపై నిలుపరాదు, మోటారు గుఱ్ఱుమని వేడెక్కి చెడును.

క్రొత్త డీకోడరు పెట్టుటకు ముందు ముఖ్యమైన పరీక్ష యొకటి కలదు. ఇంజనును పట్టానుండి తీసి, డీకోడరును ఉత్తప్లగ్గును రెంటిని తొలగించి, మల్టీమీటరుతో చక్రమునకును మోటారు కొనలకును నడుమ చూడవలెను. అచ్చట సంబంధమేమియు నుండరాదు. ఉన్నచో, పెట్టిన క్షణముననే క్రొత్త డీకోడరు కాలిపోవును. పొగను చూచి నిప్పునూహించుట తర్కమున మొదటి పాఠము. డీకోడరు విషయమున పొగ కనబడుసరికి ఊహించుటకేమియు మిగులదు.

తుదకు తల్లిదండ్రులకొక మాట. పట్టాలలోని విద్యుత్తు స్వల్పము. కాని గోడనుండి విద్యుత్తు తీసికొను పెట్టెలో 230 వోల్టులుండును. ఇంజనును పిల్లలచే విప్పింపుడు, పరీక్షింపనిండు; ఆ పెట్టెను మాత్రము తెఱవనీయకుడు.