రేఖాగణితాక్షరములు – వాని రూపము, వాని ప్రయోజనము

అక్షరమునకు రెండు పనులు గలవు. దారిన బోవువాని చూపును తనవైపు త్రిప్పుకొనుట యొకటి. దగ్గరకు వచ్చినవానికి మాటను పొరపాటు లేకుండ నందించుట రెండవది. పుస్తకములోని చిన్న యక్షరములకు రెండవ పనియే ముఖ్యము. పేరుపలకలు, ప్రకటనపత్రములు, పత్రికల ముఖపత్రములు మొదలగువానిపై నుండు పెద్ద యక్షరములకు మొదటి పనియు గావలెను. ఇట్టి వాడుకకై కల్పింపబడిన టైపులలో రేఖాగణితపు టైపు ముఖ్యమైనది. వృత్తము, సరళరేఖ, కోణము, చతురస్రము అను కొలది యాకారములతోనే, ఇంచుమించుగా నొకే మందముగల గీతతో, అందలి యక్షరములన్నియు నిర్మింపబడును. కలము పోకడ యందు గానరాదు. యంత్రము చేసిన వస్తువువలె నుండుటచే నది చూచువారికి రాబోవు కాలపు వ్రాతగా దోచును.

జర్మనీ దేశమున పాల్ రెన్నర్ అను నాతడు రూపించిన ‘ఫ్యూచురా’ టైపు 1927లో వెలువడెను. ఆ పేరునకు భవిష్యత్తు అని యర్థము. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై విడిచివచ్చిన ఫలకముమీది మాట లా టైపుతోనే వ్రాయబడినవి. 1975లో అమెరికా అంతరిక్షసంస్థయగు నాసా తన పేరును ఒకే మందపు వంపుగీతలతో వ్రాయించుకొని, అందలి ‘ఏ’ అను ఇంగ్లీషు అక్షరమునకు నడిమి యడ్డగీతను సహితము తీసివేయించెను. ఆ గుర్తును 1992లో మానివేసి, 2020లో మరల వాడుకలోనికి దెచ్చిరి. గీత లేకపోయినను చదువరి యెవ్వడును తడబడలేదు.

రాబోవు కాలపుదని మన మనుకొను నీ రూపము మన సీమకు మాత్రము మిక్కిలి పాతది. మన తాడేపల్లికి దిగువను, కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు బ్రాహ్మీలిపి చెక్కిన రాతి బరణులు దొరకెను. అశోకుని నాటి బ్రాహ్మీలో కకారము కూడికగుర్తువంటిది, గకారము కోణము, బకారము చతురస్రము, ఠకారము వృత్తము, థకారము నడుమ చుక్కగల వృత్తము. అనగా మన లిపికి మూలము రేఖాగణితమే. పిమ్మట తాటాకుమీద గంటముతో వ్రాయవలసి వచ్చినప్పుడు, అడ్డగీతలు ఆకు నారవెంబడి చీల్చుననియు, అందుచే నక్షరములు గుండ్రనైనవనియు పండితులు చెప్పుదురు.

అట్లయిన వృత్తములతో తెలుగు టైపు చేయుట సులభమే యని విద్యార్థులు తలంపవచ్చును. చిక్కంతయు నిక్కడనే యున్నది. ఇంగ్లీషున నొక గీతను తీసివేసినను మాట నిలిచెను. తెలుగున నట్లు గాదు. తలకట్టు విడిగా నున్న పకారము, అది యంటుకొన్నచో వకారమగును. ‘పంట’ యన్నది ‘వంట’ యగును. గుడిమీది చిన్న కొమ్ము లోపించినచో ‘వీధి’ కాస్త ‘విధి’ యగును. క్రింది చిన్న గీత పోయినచో ధకారము దకారమగును. గీతలన్నియు మందముగా నున్నప్పుడు వాని నడుమ సందులు పూడిపోవును. ఈ చిన్న గుర్తులే మొదట మరుగుపడును. కావున మన భాషలో నిట్టి టైపును రూపించువాడు అందమునకై దేనినైనను విడువవచ్చునుగాని, పొల్లును సున్నను విడువరాదు.

మరియొక సంగతి. వృత్తలేఖినితో గీచిన రూపము కంటికి సరిగా దోచదు. ఒకే యెత్తుగల చతురస్రమును వృత్తమును ప్రక్కప్రక్కన నుంచినచో వృత్తము చిన్నదిగా గనబడును. ఒకే మందము గలిగినను అడ్డగీత నిలువుగీతకంటె లావుగా దోచును. కాబట్టి నేర్పరి వృత్తమును కొంచెము పెంచి, అడ్డగీతను కొంచెము సన్నగించును. ఫ్యూచురా టైపునందును ఇట్టి సవరణలు గలవు. లెక్కకు సరిపోవుట వేరు, కంటికి సరిపోవుట వేరు.

ఇక వాడుక. నాలుగైదు మాటల శీర్షికకు, దుకాణపు పలకకు, సభల ప్రకటనకు, మిరపసంచులమీది గుర్తునకు ఈ టైపు తగును. పుటనిండ దానితో నచ్చువేసినచో నక్షరము లన్నియు నొక్క పోలికగా దోచి కన్ను త్వరలో నలయును. కంప్యూటరులందు నేడు రెండు విధములకును తెలుగు ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. సిలికానాంధ్ర సంస్థవారు వెలువరించిన ‘రామభద్ర’ మందమైన గీతలతో శీర్షికలకు దగినది. ఇండియన్ టైప్ ఫౌండ్రీవారి ‘హింద్ గుంటూరు’ మన జిల్లా కేంద్రము పేరు దాల్చి, అయిదు మందములలో దొరకుచు, చిన్న యక్షరములకును పనికివచ్చును.

విద్యార్థులారా, మీ పెట్టెలోని వృత్తలేఖినిని, కొలబద్దను దీసి, ‘పంట’, ‘వీధి’ అను రెండు మాటలను మీకు దోచినట్లు రేఖాగణితరూపమున వ్రాయుడు. వానిని గోడకు దగిలించి, ఇరువది యడుగుల దూరమున మీ తమ్మునినో చెల్లెలినో నిలిపి చదివింపుడు. ‘వంట’ యనియు ‘విధి’ యనియు వారు చదివినచో తప్పు వారిది గాదు, మీ గీతది. చూచినవాడు మెచ్చుకొన్న యక్షరముకంటె, చదివినవాడు మోసపోని యక్షరమే గొప్పది. ఆ రెండును గలిగినదానిని వ్రాయగలిగినవాడు తన భాషకు మేలు చేసినవాడగును.